పగడాల ట్యాంకులో పురుగు పడితే: మందు సీసా జోలికి పోకుండా వదిలించుకోవడం ఎలా

నా ఉప్పునీళ్ల అక్వేరియంలోని మోంటిపోరా పగడం అంచున తెల్లటి మచ్చ కనిపించినప్పుడు నేను మొదట అనుమానించింది నీళ్లని. ఆల్కలినిటీ (నీళ్ల క్షారత) టెస్ట్ చేశాను, బాగానే ఉంది. మళ్లీ చేశాను. కిట్ పాతబడిందేమో అని కొత్తది తెచ్చి మూడోసారి చేశాను. లైటు తగ్గించాను, ఫ్లో మార్చాను, ఇలా రెండు వారాలు గడిచాయి, మచ్చ మాత్రం పాకుతూనే ఉంది. చివరికి ఓ రాత్రి విసుగొచ్చి ఆ ముక్కను నీళ్లలోనే తిరగేసి చూస్తే, అడుగున నూకగింజంత కూడా లేని జీవులు నాలుగు, ఒళ్లంతా తెల్లటి కుచ్చులు, వాటి పక్కనే తెల్లటి గుడ్ల గుంపులు. మోంటిపోరాను మాత్రమే తిని బతికే గవ్వలేని సముద్రపు నత్తలు, న్యూడిబ్రాంక్‌లు అవి. నేను టెస్ట్ కిట్లతో కుస్తీ పడుతున్న రెండు వారాలూ అవి అడుగున హాయిగా కాపురం చేసుకున్నాయి.

ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. ముందే ఒక మాట. సహజ పద్ధతి అనగానే చాలామంది ఏ చేపనో రొయ్యనో తెచ్చి ట్యాంకులో వదిలేస్తే మిగతాది అదే చూసుకుంటుంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని రెండుసార్లు దెబ్బతిన్నాను. వేటగాడి వంతు చివరిది. దానికి ముందు కన్ను, గడప, చెయ్యి అని మూడున్నాయి, పనిలో ముప్పావు వంతు అక్కడే అయిపోవాలి.

మొదటి పని: ఎవరో తెలుసుకోండి

లైట్లు ఆరిన గంట, గంటన్నర తర్వాత ఎర్ర కాంతి టార్చితో చూడండి. చాలా జీవులు ఎర్ర కాంతిని పెద్దగా పట్టించుకోవు కాబట్టి పారిపోవు. ఎర్ర టార్చి లేకపోతే మామూలు టార్చికి ఎర్ర ప్లాస్టిక్ కాగితం చుట్టినా చాలు. ఫోన్ కెమెరాను గాజుకు ఆనించి జూమ్ చేసి ఫోటో తీయండి, కంటికి కనపడనివి ఫోటోలో కనపడతాయి.

మొదటిసారి ఇలా చూసినవాళ్లకి గుండె ఆగినంత పనవుతుంది, ఎందుకంటే రాళ్లలోంచి వందల కొద్దీ ఏవేవో బయటికి వస్తాయి. టెన్షన్ పడకండి. రోమాల పురుగులు, అంటే బ్రిజిల్ వర్మ్‌లు, దాదాపు ఎప్పుడూ పారిశుధ్య కార్మికులే, చచ్చినదాన్నీ మిగిలిన మేతనూ తింటాయి. చనిపోతున్న పగడం మీద అవి కనిపిస్తే అవే చంపాయని నింద వేస్తారు పాపం. (చేత్తో మాత్రం ముట్టుకోకండి, ఆ రోమాలు వేళ్లలో దిగబడితే రోజంతా మంట.) గాజు మీద పరిగెత్తే తెల్లటి చుక్కలు కోపిపాడ్‌లు, రొయ్యపిల్లల్లా వంకర తిరిగి ఉండేవి యాంఫిపాడ్‌లు, రాళ్ల సందుల్లోంచి సన్నటి చేతులు చాపేవి చిన్న బ్రిటిల్ స్టార్‌లు. ఇవన్నీ ట్యాంక్ బాగుందనడానికి గుర్తులు. గోరంత ఉండే ఆస్టెరీనా నక్షత్ర చేపలు కూడా ఎక్కువగా నాచు తినేవే. జొవాంథిడ్‌ల (గుండీల్లా గుంపుగా పెరిగే మెత్తటి జీవులు, వాడుకలో జొవాలు) మీద గుంపుగా చేరి, అవి లేచిన చోట పాలిప్‌లు, అంటే ఆ గుండీలు, మాయమవుతుంటేనే ఏరేయండి.

అనుమానించాల్సినవాళ్లు వేరే ఉన్నారు, ఏ పగడానికి దెబ్బ తగిలిందో చూస్తే సగం జవాబు దొరుకుతుంది.

కొమ్మలుగా పెరిగే అక్రోపోరా పగడం రంగు వెలిసి, కొమ్మల మీద గుండ్రటి లేత మచ్చలు వరసగా కనిపిస్తున్నాయంటే అవి బల్లపరుపు పురుగు కొరికిన గాట్లు. ప్రోస్తియోస్టోమమ్ అక్రోపోరే అని దాని శాస్త్రీయ నామం. పగడం రంగులోనే కలిసిపోతుంది, పురుగును వెతికి లాభం లేదు, గాట్లనూ గుడ్లనూ వెతకాలి. గుడ్లు కొమ్మ మొదట్లో, మాంసం పోయి బయటపడ్డ ఎముక మీద, గోధుమ రంగు పొక్కుల్లా అతుక్కుని ఉంటాయి. అక్రోపోరా పాలిప్‌లు ఎంతకీ విచ్చుకోకపోతే ఎర్ర పురుగు కూడా కావచ్చు. దాని పరిమాణం అర మిల్లీమీటరు, పసుపు ఒళ్లు, మీద ఎర్ర చుక్క. పేరుకు పురుగే గాని, నిజానికి కోపిపాడ్ జాతి.

జొవాంథిడ్‌లు మూసుకునే ఉంటే మూడు కారణాలు వెతకండి: అవి తిన్న జొవా రంగునే ఒంటికి తెచ్చుకునే న్యూడిబ్రాంక్‌లు, సన్‌డయల్ నత్తలు, సముద్రపు సాలీళ్లు. సన్‌డయల్ నత్తను పట్టుకోవడం తేలిక. గవ్వ మీద గళ్లు గళ్లుగా నలుపు తెలుపు మచ్చలుంటాయి, పగలు జొవాల మొదట్లో దాక్కుంటుంది.

ఐప్టేసియా అనే చిన్న అనిమోన్ (సముద్రపు పువ్వు) పగడాన్ని తినదు, పక్కన మొలిచి కుడుతుంది. వర్మెటిడ్ నత్త రాయికి గొట్టంలా అతుక్కుని జిగురు వల విసురుతుంది, ఆ వల తగిలిన పగడం ముడుచుకుపోతుంది. తుప్పు రంగులో, చివర చీలిన తోకతో గాజు మీదా ఇసుక మీదా పరుచుకునేవి ఎర్ర ప్లనేరియాలు, ఇవీ తినవు, పగడం మీద దుప్పటిలా కప్పేసి వెలుతురు అందకుండా చేస్తాయి.

రెండో పని: గడప దగ్గరే ఆపండి

పురుగు గాలిలో ఎగిరి రాదు, మనం తెచ్చిన ముక్క మీదే వస్తుంది. కాబట్టి నలభై లీటర్ల చిన్న క్వారంటైన్ ట్యాంక్ ఒకటి పక్కన పెట్టుకోండి. హీటర్, చిన్న పవర్‌హెడ్ (నీళ్లు తిప్పే పంపు), ఓ మోస్తరు లైటు చాలు, రాళ్లూ ఇసుకా వద్దు. అడుగు శుభ్రంగా ఉంటేనే రాలిపడ్డవి కనిపిస్తాయి. కొత్త ముక్క ఎంత ముద్దుగా ఉన్నా, ఎంత నమ్మకమైనవాళ్లు ఇచ్చినా, ఆరు వారాలు అక్కడే ఉండాలి. చాలామంది ఒక వారం చూసి, ఏమీ లేదులే అని పెద్ద ట్యాంకులో పెట్టేస్తారు. గుడ్లు పొదగడానికే వారాలు పడుతుంది కదా, ఒక వారంలో ఏం కనిపిస్తుంది?

వచ్చిన రోజు చేయాల్సింది ఇది. ముక్క ఏ ప్లగ్ (అతికించే చిన్న బిళ్ల) మీద ఉందో ఆ ప్లగ్‌ను తీసేసి పారేయండి. ఐప్టేసియా, వర్మెటిడ్‌లు, గుడ్లు ఎక్కువగా ప్లగ్ అడుగునే ఉంటాయి. ముక్క మొదట్లో మాంసం లేని తెల్లటి ఎముక ఉంటే, అంతవరకు బోన్ కట్టర్‌తో కత్తిరించేయండి. కత్తిరించడానికి వీలుకాని చోట సూపర్ గ్లూ జెల్‌తో కప్పేయండి, లోపలి గుడ్లు అక్కడే సమాధి అవుతాయి. కొత్త ప్లగ్‌కు అతికించండి.

ఆ తర్వాత డిప్, అంటే ముక్కను మందు కలిపిన నీళ్లలో కాసేపు ముంచడం. ట్యాంకు నీళ్లు ఒక గిన్నెలో తీసుకుని, మొక్కల నూనెలతో చేసిన డిప్ గానీ అయొడిన్ గానీ లేబుల్ మీద రాసిన మోతాదులోనే కలపండి. ఇదీ మందే కదా అంటారేమో, నిజమే, కానీ ట్యాంకు బయట గిన్నెలో వాడేది వేరు, ట్యాంకులో పోసేది వేరు. ట్యాంకులో పోస్తే పురుగుతో పాటు పైన చెప్పిన పారిశుధ్య సిబ్బంది మొత్తం పోతుంది. డిప్‌లో ముక్క ఉన్నంతసేపూ బాస్టర్‌తో, అంటే రబ్బరు బుడ్డి ఉన్న ఆ పొడుగాటి గొట్టంతో, అన్ని వైపుల నుంచీ నీళ్లు గట్టిగా కొడుతూ ఉండండి. పురుగును పట్టు వదిలించేది సగం మందైతే సగం ఈ ధార. తర్వాత వేరే గిన్నెలో మంచి ట్యాంకు నీళ్లతో కడిగి పెట్టండి. డిప్ నీళ్లను పారబోయండి, చుక్క కూడా వెనక్కి పోకూడదు. పారబోసే ముందు గిన్నె అడుగున ఏం రాలిందో వెలుతురులో చూడండి, నాకైతే ఈ పని మొత్తంలో ఇదే ఆసక్తికరమైన భాగం.

జొవాంథిడ్‌లు, కొన్ని మెత్తటి పగడాలు అదే ఉష్ణోగ్రతకు తెచ్చిన ఆర్‌ఓ నీళ్లలో కొన్ని సెకన్ల ముంపును తట్టుకుంటాయి. అక్రోపోరా, మోంటిపోరాలను మాత్రం మంచినీళ్లలో ముంచకండి, ఒళ్లు ఊడిపోతుంది.

డిప్ గుడ్లను చంపదు. ఈ ఒక్క వాక్యం నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అందుకే ప్రతి ఐదారు రోజులకోసారి మళ్లీ డిప్, మళ్లీ తిరగేసి చూడటం, కనిపించిన గుడ్లను బ్లేడుతో గీకేయడం. కొత్తగా పొదిగినవి పెరిగి మళ్లీ గుడ్లు పెట్టేలోపు దొరకబుచ్చుకోవాలి, లెక్క అంతే.

ఒక్క సందర్భంలో మాత్రం డిప్‌కు ముందు ఆగి చూడండి. సముద్రంలో పోసిలోపోరా, అక్రోపోరా కొమ్మల మధ్య చిన్న చిన్న పీతలు కాపురముంటాయి, ట్రపీజియా, టెట్రాలియా అని. పగడం ఇచ్చే జిగురు తిని బతుకుతూ, పగడాన్ని తినడానికి వచ్చే నక్షత్ర చేపల కాళ్లు గిల్లి తరిమేస్తాయి. అసలైన సహజ కాపలా అంటే అదీ. మనం కొమ్మ తెచ్చుకుంటాం, కాపలావాణ్ణి డిప్‌లో చంపేస్తాం. కొమ్మల్లో నున్నటి ఒంటి పీత కనిపిస్తే ముందు మెల్లగా బయటికి తీసి, డిప్ అయ్యాక తిరిగి అదే కొమ్మలో పెట్టండి. ఒళ్లంతా వెంట్రుకలతో, నల్లటి గోళ్లతో ఉన్న పీత అయితే దానికి ఈ మర్యాద అక్కర్లేదు, అది పగడాల మాంసం తినే రకం కావచ్చు, సంప్‌లో (ట్యాంకుకు కలిపి ఉండే ఫిల్టర్ తొట్టిలో) పడేయండి.

జాగ్రత్త, ఇది పక్కన పెట్టే విషయం కాదు

కొన్ని జొవాంథిడ్‌లలో, ముఖ్యంగా పాలిథోవాలలో, పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. చాలా ప్రమాదకరం. ఐప్టేసియా పోతుందని జొవాలున్న రాయిని ఉడకబెట్టినవాళ్లు, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు నిజంగా జరిగాయి. రాయిని ఉడకబెట్టకండి, మైక్రోవేవ్‌లో పెట్టకండి, పొడిగా బ్రష్‌తో రుద్దకండి. జొవాలను కోసేటప్పుడు గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. చేతి మీద గాయముంటే ఆ రోజు ఆ పని మానుకోండి.

మూడో పని: చెయ్యి పెట్టండి

పురుగు పెద్ద ట్యాంకులోకి చేరిపోయిందనుకోండి, చేత్తో తగ్గించగలిగినంత తగ్గించాకే వేటగాడిని పిలవాలి. వెయ్యి పురుగులున్న చోట ఒక చేపను దింపి ఫలితం కోసం ఎదురుచూడటం వాన పడుతుంటే గిన్నెతో నీళ్లు తోడటం లాంటిది.

ఎర్ర ప్లనేరియాలను సన్నటి గొట్టంతో సైఫన్ చేయండి. గాలి గొట్టం సరిపోతుంది, అవతలి కొసకు ఫిల్టర్ సాక్ కట్టుకుంటే నీళ్లు వెనక్కి పోసుకోవచ్చు. వారానికి రెండుసార్లు చేస్తూ పోండి. ఇవి ఒక్కసారిగా గుంపుగా చస్తే ఒంట్లోని విషం నీళ్లలో కలిసి చేపలకే ముప్పు, అందుకని ఏ పద్ధతి వాడినా ముందు సంఖ్య తగ్గించి, యాక్టివేటెడ్ కార్బన్ సిద్ధంగా పెట్టుకోవాలి.

వర్మెటిడ్ గొట్టాన్ని మొదలంటా విరిచి, ఆ రంధ్రం మీద సూపర్ గ్లూ జెల్ చుక్క పెట్టండి. ఉత్త కొస విరిస్తే మళ్లీ కట్టుకుంటుంది. వందలుంటే అన్నీ ఒక్కరోజులో కావు, నేను రోజుకు పది అని పెట్టుకున్నాను.

ఐప్టేసియాను మాత్రం గీకకండి, కోయకండి, గిల్లకండి. పాదం ముక్క ఏ కాస్త మిగిలినా అది కొత్త ఐప్టేసియా అవుతుంది, ఒకటి తీయబోతే పది మొలుస్తాయి. సిరంజితో నిమ్మరసం గానీ, కాల్క్‌వాసర్ (కాల్షియం హైడ్రాక్సైడ్) పొడిని చిక్కటి పేస్ట్‌లా కలిపి గానీ, నోట్లోకి నెమ్మదిగా ఎక్కించాలి. పంపులు ఆపేసి చేయండి, లేకపోతే పేస్ట్ వెళ్లి పక్క పగడం మీద పడుతుంది. సూదితో తాకగానే ముడుచుకుపోయి రంధ్రంలోకి జారుకుంటుంది, కాబట్టి తాకకుండా పైనుంచి మేత వేస్తున్నట్టు వదలండి, అదే మింగుతుంది. చిన్న ట్యాంకులో ఒక పూటకు మూడు నాలుగు మించొద్దు, కాల్క్ ఎక్కువైతే పీహెచ్ ఎగబాకుతుంది.

అక్రోపోరాల మీద రోజూ బాస్టర్‌తో నీళ్లు కొట్టండి. బల్లపరుపు పురుగులు ఎండుటాకుల్లా లేచి కొట్టుకుపోతాయి. ట్యాంకులో రాస్ చేపలుంటే అవి నాలుగు రోజుల్లో విషయం పసిగట్టేస్తాయి, బాస్టర్ నీళ్లలో పెట్టగానే వచ్చి పక్కన నిలబడతాయి.

నాలుగో పని: వేటగాడు

కొనే ముందు మిమ్మల్ని మీరు ఒకే ప్రశ్న వేసుకోండి: పురుగులన్నీ అయిపోయాక ఇది ఏం తిని బతుకుతుంది? జవాబు లేకపోతే కొనకండి.

బెర్గియా న్యూడిబ్రాంక్ ఐప్టేసియా తప్ప ఇంకేదీ ముట్టదు, అదే దాని గొప్పతనం, అదే దాని చిక్కు. రెండు సెంటీమీటర్ల జీవి, రాత్రిపూటే తిరుగుతుంది. ఒకటీ అరా కాకుండా గుంపుగా తెచ్చి, లైట్లు ఆరాక, పంపులు ఆపి, ఐప్టేసియా ఎక్కువున్న రాయి పక్కనే గొట్టంతో వదలండి. ఆ తర్వాత నెలల తరబడి ఏమీ జరగనట్టే ఉంటుంది, అవి గుడ్లు పెట్టి సంఖ్య పెరిగాక ఒక దశలో ఐప్టేసియాలు చకచకా మాయమవుతాయి. రాస్ చేపలు, పెప్పర్‌మింట్ రొయ్యలు బెర్గియాలను తినేస్తాయి కాబట్టి ఆ రెండూ ఉన్న ట్యాంకులో ఇది దండగ. నా మొదటి దెబ్బ ఇదే, తెచ్చిన బెర్గియాలు నా సిక్స్‌లైన్ రాస్‌కు ఒక పూట పలహారమయ్యాయి. పని అయ్యాక మిగిలినవాటిని ఐప్టేసియా ఉన్న ఇంకొకరికి ఇచ్చేయండి, లేకపోతే ఆకలితో చస్తాయి.

పెప్పర్‌మింట్ రొయ్యలు చిన్న ఐప్టేసియాలను తింటాయి, పెద్దవాటి జోలికి పోవు. మేత ఎక్కువ వేస్తే చిన్నవాటినీ పట్టించుకోవు. ఇక్కడ నా రెండో దెబ్బ చెబుతాను: పెప్పర్‌మింట్ అని చెప్పి నాకు అంటగట్టింది కేమెల్ రొయ్యను, అది జొవాల్నీ మెత్తటి పగడాల్నీ శుభ్రంగా మేసింది. తేడా తెలుసుకోండి. పెప్పర్‌మింట్ ఒళ్లు దాదాపు పారదర్శకం, సన్నటి ఎర్ర గీతలు. కేమెల్‌కు వీపు మీద ఎత్తైన గూని, ఎర్ర గీతల మధ్య కొట్టొచ్చినట్టు తెల్లటి గీతలు, చుక్కలు, పెద్ద కళ్లు.

రాస్‌లలో నా ఓటు మెలనూరస్‌కు, పసుపు కోరిస్‌కు. రోజంతా రాళ్లు, పగడాలు గాలిస్తూ బల్లపరుపు పురుగుల్ని, చిన్న నత్తల్ని, న్యూడిబ్రాంక్‌లను ఏరుకు తింటాయి. రాత్రి ఇసుకలో దూరి పడుకుంటాయి కాబట్టి కనీసం ఐదు సెంటీమీటర్ల మెత్తటి ఇసుక కావాలి, పైన వల మూత కావాలి, లేదంటే పొద్దున్నే నేల మీద ఎండిపోయి దొరుకుతాయి. సిక్స్‌లైన్ కూడా మంచి వేటగాడే. అక్రోపోరాను తినే పురుగులకు ఈ చేపనూ ఒక జాతి పెప్పర్‌మింట్ రొయ్యనూ ఆస్ట్రేలియా పరిశోధకులు పరీక్షించి, 2020లో ఫలితాలు ప్రచురించారు. రెండూ పురుగుల సంఖ్యను బాగా తగ్గించాయి. కానీ సిక్స్‌లైన్ స్వభావం చెడ్డది, తర్వాత వచ్చిన చిన్న చేపల్ని బతకనివ్వదు. పెట్టాలనుకుంటే అన్నిటికంటే చివర పెట్టండి. ఇక ఏ రాస్ అయినా గుడ్ల పని పడుతుందని ఆశ పెట్టుకోకండి, గీకడం మీ పనే.

కాపర్‌బ్యాండ్ సీతాకోక చేప పొడుగు మూతితో ఐప్టేసియాలను పీకి తింటుంది, అందంగా కూడా ఉంటుంది. కానీ చాలా కాపర్‌బ్యాండ్‌లు మనం వేసే మేత ముట్టకుండానే చిక్కి చచ్చిపోతాయి. పాతబడిన పెద్ద ట్యాంకు ఉండి, అమ్మేవాళ్ల దగ్గరే అది గడ్డకట్టించిన మేత తింటోందని కళ్లారా చూస్తే తప్ప వద్దంటాను. ఐప్టేసియా తినే ఫైల్‌ఫిష్ దొరుకుతుంది, అది మేత సులువుగానే తింటుంది, అప్పుడప్పుడు పగడాలను కూడా కొరుకుతుంది, సాహసం మీది. ఎర్ర ప్లనేరియాలు తినే, నీలం వెల్వెట్ న్యూడిబ్రాంక్ పేరుతో అమ్మే సముద్రపు స్లగ్, నక్షత్ర చేపలు తినే హార్లెక్విన్ రొయ్య, రెండూ ఒకే తిండి మీద బతికేవి. పై ప్రశ్నకు జవాబుండదు, వాటిని సముద్రంలోనే ఉండనివ్వండి.

వేటగాళ్లు కూడా క్వారంటైన్ దాటే రావాలి. రొయ్యలు, న్యూడిబ్రాంక్‌లు ఉన్న నీళ్లలో రాగి మందు ఒక చుక్క పడ్డా బతకవు, చేపలకు రాగి వాడిన ట్యాంకును వీటికి వాడకండి.

ఆకలితో చంపడం

ఒకే పగడం మీద బతికే పురుగుకు ఆ పగడాన్నే లేకుండా చేయడం నాకు బాగా నచ్చిన పద్ధతి. అక్రోపోరా పురుగు అక్రోపోరా లేనిదే బతకదు, మోంటిపోరా న్యూడిబ్రాంక్ మోంటిపోరా లేనిదే బతకదు. ఉన్న ముక్కలన్నీ క్వారంటైన్ ట్యాంకుకు తరలించి అక్కడ డిప్‌లు చేసుకుంటూ, పెద్ద ట్యాంకును ఎనిమిది వారాలు ఖాళీగా వదిలేస్తే, పొదిగిన ప్రతి పిల్లా తిండి దొరక్క పోతుంది. రాయికి అతుక్కుని పాకిన మోంటిపోరా పొర గోరంత మిగిలినా లెక్క తప్పుతుంది, టార్చి వేసి వెతికి మరీ గీకేయండి. అక్రోపోరా పురుగు గుడ్లు చల్లటి నీళ్లలో ఆలస్యంగా పొదుగుతాయి, అందుకని ఈ ఎనిమిది వారాలూ ట్యాంకును 26 డిగ్రీల దగ్గరే ఉంచండి, తగ్గనివ్వకండి.

మేత విషయం క్లుప్తంగా. ఐప్టేసియా, వర్మెటిడ్, ప్లనేరియా మూడూ మిగులు తిండి మీద పెరిగేవి. పొడి మేతలు తగ్గించండి, ఇసుకలో మురికి పేరుకోనివ్వకండి. అలాగని నైట్రేట్, ఫాస్ఫేట్‌లను సున్నాకు దించకండి, పగడమే నీరసిస్తుంది. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం, ఆల్కలినిటీ 8, 9 డీకేహెచ్ మధ్య కదలకుండా ఉంటే కొరికిన గాయాలు త్వరగా పూడతాయి.

నా మోంటిపోరా సంగతి చెప్పలేదు కదూ. పెద్ద ముక్కను కాపాడలేకపోయాను. అంచుల నుంచి వేలెడంత ముక్కలు మూడు కత్తిరించి, మిగతాది పారేశాను. ఐదు రోజులకోసారి డిప్, ఒక కాగితం మీద తేదీ, ఆ రోజు రాలినవెన్నో రాసుకునేవాణ్ణి: ఏడు, పదకొండు, నాలుగు, సున్నా, రెండు, సున్నా, సున్నా, సున్నా, సున్నా. నాలుగోసారి సున్నా చూసి ఆపేద్దామనిపించింది. ఐదోసారి వచ్చిన ఆ రెండూ చూశాక, వరసగా నాలుగు సున్నాలు పడేదాకా ముక్కల్ని క్వారంటైన్ ట్యాంకులోంచి పెద్ద ట్యాంకుకు పంపలేదు.